వెన్న ఎత్తుకుపోయింది ఎవరు?

ఒకప్పుడు ఐర్లండ్ పల్లెల్లో ఒక ఇంట్లో వెన్న చిలుకుతుండగా ఎవరు గడప దాటి వచ్చినా, కాసేపు తామూ చిలికి వెళ్లాల్సిందే. లేకపోతే ఆ ఇంటి వెన్న వాళ్ల వెంటే పోతుందని నమ్మేవారు. చిలుకుతున్నంతసేపూ పొయ్యిలోని నిప్పు బయటివాళ్లకు ఇచ్చేవారు కాదు. మే 1న మరీ టెన్షన్. మంత్రగత్తెలు కుందేళ్లుగా మారి ఆవుల పాలు తాగేస్తారని భయం.

అంత భయం ఊరికే పుట్టలేదు. వెన్నంటే డబ్బు. ఐర్లండ్‌లోని కార్క్ నగరంలో 18వ శతాబ్దంలో మొదలైన వెన్న మార్కెట్ నుంచి ఉప్పు కలిపిన వెన్న పీపాల్లో కరీబియన్ దీవుల దాకా వెళ్లేది. ఎంతోమంది రైతులు కౌలు కట్టింది ఆ డబ్బుతోనే.

అక్కడ చిలికేది పెరుగును కాదు, కొన్ని రోజులు పోగేసి పులియనిచ్చిన మీగడను. అడుగు వెడల్పుగా, పైన సన్నగా ఉండే చెక్క పీపాలో పోసి, మూత మధ్య రంధ్రంలోంచి దిగిన కర్రను పైకీ కిందికీ ఆడించేవారు. కర్ర చివర చిల్లులున్న చెక్కబిళ్ల ఉండేది.

మీగడలో కొవ్వు చిన్న చిన్న బిందువులుగా ఉంటుంది. ప్రతి బిందువు చుట్టూ పలచని పొర ఉండడం వల్ల అవి ఒకదానికొకటి అంటుకోవు. చిలికేటప్పుడు ఆ దెబ్బలకూ, లోపలికి చేరే గాలి బుడగలకూ పొరలు చిరుగుతాయి. కొవ్వు సగం గట్టిగా, సగం కరిగి ఉంటేనే ఇది సరిగ్గా సాగుతుంది. గట్టి స్ఫటికాలు పొరను పొడుస్తాయి, కరిగిన భాగం బిందువులను అతికిస్తుంది. పులిసిన మీగడకు సుమారు 12 నుంచి 16 డిగ్రీల సెల్సియస్ అనుకూలం. అంతకంటే చల్లగా ఉంటే అతికించే కొవ్వు చాలదు, ఎంత చిలికినా నురగే. వేడెక్కితే వెన్న జిడ్డుగా వస్తుంది, కొవ్వు చాలావరకు మజ్జిగలోకే పోతుంది.

అంటే మంత్రగత్తె మీద పడిన నిందల్లో చాలావాటికి అసలు దోషి చలే అయ్యుండాలి. వెన్న రానప్పుడు పీపా కింద నిప్పుకణిక పెట్టే ఆచారం కూడా ఉండేది. మందపాటి చెక్క దాటి మీగడ వేడెక్కడానికి ఒక్క కణిక ఏం సరిపోతుంది! అయినా ఆలోచన సరైన వైపే నడిచింది. వచ్చినవాళ్లు చెయ్యి వేయడం మాత్రం నిజంగానే పనికొచ్చేది. చేతులు మారితే చిలకడం ఆగదు.

1889లో లిమరిక్ జిల్లాలోని డ్రమ్‌కొలోహర్‌లో ఐర్లండ్ తొలి సహకార క్రీమరీ, అంటే రైతుల పాల నుంచి వెన్న తీసే కేంద్రం, మొదలైంది. అక్కడ మీగడను వేరుచేసే యంత్రం ఉంది, వేడి కొలిచే థర్మామీటర్ ఉంది. వెన్న నాణ్యత పెరిగింది. కానీ అప్పటిదాకా ఇంట్లో ఆడవాళ్ల చేతి మీదుగా జరిగిన పని క్రీమరీలో మగవాళ్ల ఉద్యోగమైంది, వెన్న డబ్బు మీద ఆడవాళ్లకున్న పట్టూ సడలింది. క్రీమరీకి దూరంగా ఉన్న ఇళ్లలో మాత్రం 20వ శతాబ్దంలోనూ చాలాకాలం చిలుకుతూనే ఉన్నారు.