నగ్న దేహం, ఛాయాచిత్రం, చట్టం: వివాదం వెనుక కథ

చిత్రకారుడు గీసిన నగ్న దేహాన్ని మ్యూజియంలో నిశ్చింతగా చూసే ప్రేక్షకులే అటువంటి ఛాయాచిత్రం ముందు ఇబ్బంది పడటం ఫొటోగ్రఫీ తొలి దశాబ్దాల నుంచీ ఉన్నదే. బొమ్మలోని మనిషి ఊహ కావచ్చు. ఫొటోలోని మనిషి మాత్రం కెమెరా ఎదుట నిలబడి తీరాలి. నగ్నత్వం కంటే ఈ వాస్తవమే చాలాసార్లు అసలు చిక్కయింది.

ఫొటోగ్రాఫర్ ఆస్కార్ రేలాండర్ ముప్పైకి పైగా నెగటివ్‌లను కలిపి కూర్చిన ‘టూ వేస్ ఆఫ్ లైఫ్’ 1857లో మాంచెస్టర్ ప్రదర్శనకు వచ్చింది. అందులో ఒకపక్క సన్మార్గం, మరోపక్క భోగలాలస ఉంటాయి. విక్టోరియా రాణి ఒక ప్రతి కొనుక్కున్నారు; ఎడిన్‌బరోలో మాత్రం నగ్న దేహాలున్న సగానికి తెర కప్పి గానీ చూపలేదు. నీతి బోధించడానికి తీసిన చిత్రానికే ఈ గతి పట్టింది.

తరువాతి ఫొటోగ్రాఫర్లు వ్యక్తిని మరుగుపరచి ఆకృతిని ముందుకు తెచ్చారు. ఎడ్వర్డ్ వెస్టన్ 1936లో తీసిన ప్రసిద్ధ చిత్రంలో ఆయన మోడల్ కేరిస్ విల్సన్ మోకాళ్లను చేతులతో చుట్టుకుని, తల వంచుకుని కూర్చుంటుంది, ముఖం కనిపించదు. కుడిచేతి మీది నీడ వెస్టన్‌కు నచ్చలేదు, వంకర పాపిట, తలలోని పిన్నులు ఆమెకు నచ్చలేదు. బిల్ బ్రాంట్ పాత కొడాక్ వైడ్ యాంగిల్ కెమెరాతో దేహాన్ని సాగదీసి, కొండరాళ్లను తలపించే రూపాలుగా మార్చాడు.

మన దేశంలో ఈ చర్చ ఎక్కువగా కోర్టుల్లోనే నడిచింది. చెడు ప్రభావానికి లోనయ్యేవారిని దృష్టిలో పెట్టుకుని అశ్లీలతను తూచే 1868 నాటి ఇంగ్లండు హిక్లిన్ సూత్రాన్ని సుప్రీంకోర్టు 1964లో రంజిత్ ఉదేశీ కేసులో అనుసరించింది. ఆ కొలత మారడానికి యాభై ఏళ్లు పట్టింది. టెన్నిస్ ఆటగాడు బోరిస్ బెకర్, ఆయనకు కాబోయే భార్య బార్బరా ఫెల్టస్ నగ్నంగా ఉన్న ఫొటోను ఆమె తండ్రే తీశారు. జర్మన్ పత్రికలో వచ్చిన ఆ ఫొటోను 1993లో కలకత్తా పత్రికలు పునర్ముద్రించడంతో కేసు నమోదైంది. తెల్లజాతి పురుషుడు, నల్లని మేనిఛాయ గల స్త్రీ జంటగా ఉన్న ఆ ఫొటోలో వర్ణవివక్షను నిరసించే సందేశం ఉందని, సందర్భాన్నీ సమకాలీన సమాజ ప్రమాణాలనూ చూసి తేల్చాలని అవీక్ సర్కార్ కేసుగా పేరొందిన ఆ వివాదంలో 2014లో సుప్రీంకోర్టు చెప్పి, హిక్లిన్‌ను పక్కన పెట్టింది. శిక్షాస్మృతి 292వ సెక్షన్‌లో కళకు ఇచ్చిన మినహాయింపు, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 294వ సెక్షన్‌లోనూ కొనసాగుతోంది.