పడవ వెనక ఉండే తిత్తి

హనుమకొండ

పిల్లలకు,

లక్నవరంలోనో, రామప్ప చెరువులోనో బోటెక్కినప్పుడు ఒకసారి వెనక్కి తొంగి చూడుండ్రి. ఇంజన్ మొత్తం బయట వేలాడుతుంటే అది ఔట్‌బోర్డ్. ఇంజన్ కనబడకుంట, పడవ వెనకగోడ నుంచి ఒక కాలు మాత్రమే నీళ్లలోకి దిగి, దాని కొసకు పంకా ఉంటే అది స్టెర్న్‌డ్రైవ్. స్వీడన్ కంపెనీ వోల్వో పెంటా వాళ్లు 1959లో దీన్ని అమ్మకానికి తెచ్చిండ్రు. ఏటా చేసే సర్వీసు చాలావరకు చేత్తో చేసుకునే పనే, కాకపోతే పెద్దవాళ్లను పక్కన పెట్టుకోవాలె. మన దిక్కు దానికి మంచి అదను మృగశిర కార్తెకు ముందు. అప్పటికి చెరువులు అడుగంటుతయి, బోటు ఎట్లాగూ ఒడ్డున ఉంటది. చలిదేశాల పుస్తకాలల్ల ఇంజన్‌లో నీళ్లు గడ్డకట్టకుండ ఏం చేయాలనేదే సగం ఉంటది. మనకు ఆ బాధ లేదు. మనకున్న శత్రువులు ఎండ, పూడిక మట్టి, గుర్రపుడెక్క.

అన్నిటికంటె ముందు తిత్తి సంగతి. ఇంజన్ లోపల, కాలు బయట. రెంటినీ కలిపే షాఫ్టు కోసం వెనకగోడకు పెద్ద రంధ్రం ఉంటది, అదీ నీటిమట్టానికి కింద. స్టీరింగు తిప్పితే కాలే పక్కకు తిరుగుతది, మీట నొక్కితే పైకి లేస్తది. అందుకే ఆ రంధ్రాన్ని గట్టి మూతతో మూయలేరు. హార్మోనియం తిత్తి లెక్క మడతల రబ్బరు గొట్టం తొడుగుతరు. దాన్నే బెల్లోస్ అంటరు. ఇంజన్ మంచిగున్నా, ఈ రబ్బరు చిరిగితే పడవ మునిగిపోవచ్చు.

మెర్‌క్రూజర్ అనే పేరుతో వచ్చే స్టెర్న్‌డ్రైవ్‌లలో ఆల్ఫా ఒక రకం, దాంట్ల ఇట్లాంటి తిత్తులు మూడుంటయి. పొగ పోయే గొట్టానిది చిరిగితే చప్పుడు పెరుగుతది, అంతే. షాఫ్టుది, గేరు కేబుల్‌ది చిరిగితే మాత్రం నీళ్లు లోపలికే. కాలును పూర్తిగ పైకి లేపి, ఎడమకు ఒకసారి, కుడికి ఒకసారి తిప్పి, టార్చి వేసి ఒక్కో మడతను వేలితో విప్పి చూడుండ్రి. పగులు మడత అంచున కాదు, లోయలో మొదలైతది. పగులు లేకున్నా మూడేళ్లకోసారి మార్చుడే నయం, మన ఎండకు రబ్బరు తొందరగ గిడసబారుతది. బోటు నిలిపి ఉంచినన్ని రోజులు కాలు కిందికి దించే ఉంచాలె. లేపి ఉంచితే మడతలు నలిగి అట్లనే బిగుసుకపోతయి.

తిత్తి మార్చాలంటే కాలు ఊడదీయాలె. ఆల్ఫా అయితే ముందు గేరు ముందుకు వేసి, లేపే సిలిండర్ల వెనక పిన్ను తీసి, చైన్ బ్లాకుకు తగిలించినంకనే ఆరు నట్లు విప్పాలె. బరువు ఒక్కరు మోసేది కాదు. తీసినంక లోపల షాఫ్టును మోసే గింబల్ బేరింగును వేలితో తిప్పుండ్రి. ఇసుక నమిలినట్టు గరగరమంటే మార్చేయాలె. స్టీరింగు తిప్పినప్పుడు గుర్రుమనే చప్పుడు దానిదే. షాఫ్టు కీళ్లకు గ్రీజు పెట్టాలె. తర్వాత ఇంజనూ షాఫ్టూ ఒకే వరుసలో ఉన్నయా అని చూసే అలైన్‌మెంటు కడ్డీని బేరింగులో నుంచి ఇంజన్ కప్లర్‌లోకి, అంటే షాఫ్టు కొసను పట్టుకునే పళ్ల గొట్టంలోకి, తోయాలె. అది వేళ్ల బలంతోనే జారి పోవాలె. సుత్తి అవసరమైతే ఇంజన్‌ను మోసే ముందు దిమ్మెలను ఎత్తో దించో సరిచేయాలె. ఇది వదిలేసి కాలు బిగిస్తే కప్లర్ పళ్లు అరిగి, నడి చెరువులో ఇంజన్ తిరుగుతది గాని పంకా తిరగదు. ఆ ఆరు నట్ల బిగింపు 68 న్యూటన్ మీటర్లు, అది ఎంతో చూపే టార్క్ పానాతోనే.

పంకా విప్పి దాని వెనక చూడుండ్రి. వలల నైలాన్ దారం, గుర్రపుడెక్క పీచు చుట్టుకుని ఉంటయి. ఆ దారం ఆయిల్ సీలును కోస్తది. కోసిందా లేదా అనేది కాలులోని గేర్ ఆయిల్ చెప్తది. కింది మర, పై మర విప్పి ఆయిల్ దించితే పాలు పోసిన చాయ రంగులో వస్తే నీళ్లు చేరినట్టే. మరకున్న అయస్కాంతానికి మెత్తటి పొడి అంటుకుంటే భయం లేదు, ముక్కలుంటే గేర్లు పోతున్నయి. కొత్త ఆయిల్, ఆల్ఫాకు దాదాపు రెండు లీటర్లు, కింది రంధ్రం నుంచి పంపుతో నింపాలె. పై నుంచి పోస్తే గాలి చిక్కుకుంటది. పైన బుడగలు లేకుండ కారినంక ముందు పై మర, తర్వాత కింది మర, రెంటికీ కొత్త వాషర్లతో బిగించాలె.

ఇంజన్‌ను చల్లబరిచే నీటి పంపులో రబ్బరు రెక్కల చక్రం, ఇంపెల్లర్, ఉంటది. ఆల్ఫాకు అది కాలులో, మెర్‌క్రూజర్ వాళ్లదే ఇంకో రకం బ్రావోకు ఇంజన్ మీద. పూడిక నీళ్లలో తిరిగే బోటుకు ఏటా మార్చాలె. పాతదానికి రెక్క విరిగి ఉంటే ఆ ముక్క దొరికేదాక వెతకాలె, లేకుంటే నీటిదారిలో అడ్డంపడి ఇంజన్ కాలిపోతది. ఒడ్డు మీద ఇంజన్ స్టార్ట్ చేసేముందు కాలుకు పైపు తగిలించి నీళ్లు వదలాలె. నీళ్లు లేకుంటే కొద్ది క్షణాల్లోనే ఆ రెక్కలు మాడుతయి.

లోహాన్ని తుప్పు నుంచి కాపాడే యానోడ్ దిమ్మెలు మన మంచినీటి చెరువులకు మెగ్నీషియంవి కావాలె. సముద్రానికి వాడే జింకువి ఇక్కడ పైన పొర కట్టి పనిచేయడం మానేస్తయి. సగం అరిగితే మార్చుండ్రి, రంగు మాత్రం వేయొద్దు.

పెట్రోల్‌లో ఇప్పుడు 20 శాతం దాకా ఇథనాల్ ఉంటది. అది నీళ్లను పీల్చుకుంటది, నెలల తరబడి ట్యాంకులో ఉంచొద్దు. నీళ్లు వేరుచేసే ఫిల్టర్ ఏటా మార్చాలె. ఇంకోటి, ఇది గట్టిగ చెప్తున్న. స్టార్టర్ గాని ఆల్టర్నేటర్ గాని పోతే, సరిపోతది కదా అని కారుది బిగించొద్దు. పెట్రోల్ ఆవిరి గాలికంటె బరువు, పడవ అడుగున చేరుతది. కారువి నిప్పురవ్వ విసురుతయి, బోటువి రవ్వ బయటికి రాకుండ మూసి ఉంటయి. ఇంజన్ స్టార్ట్ చేసేముందు, ఆ ఆవిరిని బయటికి తోసే బ్లోయర్ ఫ్యాను నాలుగు నిమిషాలు తిరగాలె.

పని అయినంక, అడుగు బిరడా పెట్టిండ్రో లేదో చూసి బోటును నీళ్లలోకి దించుండ్రి. ట్రైలర్ కొక్కెం మాత్రం అప్పుడే విప్పొద్దు. ఇంజన్ మూత ఎత్తి, వెనకగోడ దగ్గర టార్చి వేసి పది నిమిషాలు చూడుండ్రి. తిత్తి దగ్గర ఒక్క చుక్క కారినా బోటును మళ్లీ ఒడ్డుకు లాగాలె.

మీ తాత