వాక్‌కు విలువ కట్టడానికి పట్టిన వందేళ్లు

1956 సీజన్‌లో అమెరికా బేస్‌బాల్ జట్టు వాషింగ్టన్ సెనేటర్స్ బ్యాటర్ ఎడ్డీ యోస్ట్ సగటు 0.231. అంటే నాలుగు ప్రయత్నాలకు ఒక హిట్ (బంతిని కొట్టి, పరుగు దారిలోని మజిలీ అయిన బేస్‌ను క్షేమంగా చేరడం) కూడా పడలేదు. పేపర్లో ఆ అంకె చూసినవాళ్లకు ఇతన్ని జట్టులో ఎందుకు ఉంచుకున్నారో అర్థం కాదు. కానీ ఆ ఏడాది యోస్ట్ 151 సార్లు వాక్ మీద, అంటే పిచర్ (బంతి విసిరేవాడు) గురి తప్పడం వల్ల హిట్ లేకుండానే, మొదటి బేస్ చేరాడు. అవీ కలుపుకుంటే, బ్యాట్ పట్టి నిలబడిన ప్రతి అయిదుసార్లలో రెండుసార్లు అతను అవుట్ కాకుండా బేస్ మీదికి వెళ్లాడు. అభిమానులు అతన్ని ‘నడిచే మనిషి’ అని పిలుచుకున్నారు. సగటులో మాత్రం ఆ నడక జాడే ఉండదు. ఈ లోపం మొదలైన చోటు వెతికితే క్రికెట్ దగ్గర తేలుతుంది.

హెన్రీ చాడ్విక్ 1824లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో పుట్టాడు. చిన్నప్పుడే కుటుంబంతో బ్రూక్లిన్ చేరాడు, పెద్దయ్యాక క్రికెట్ విలేకరి అయ్యాడు. 1850ల్లో బేస్‌బాల్ మీద మనసు పడి, ఆ కొత్త ఆటకు స్కోరు పట్టిక తీర్చిదిద్దాడు. ఆయనకు తెలిసిన నమూనా క్రికెట్‌దే. అయితే క్రికెట్‌లో పరుగు బ్యాటర్ సొంతం. బేస్‌బాల్‌లో బేస్‌లన్నీ చుట్టి మొదలెట్టిన చోటికి (దాన్నే ‘ఇల్లు’ అంటారు) వస్తేనే పరుగు. ఒకడు మొదటి బేస్ చేరాక, అతన్ని ఇంటికి రప్పించడం చాలావరకు వెనక వచ్చేవాళ్ల చేతుల్లో ఉంటుంది. అందుకని పరుగులు పక్కకు పోయి హిట్లు ముందుకొచ్చాయి. చివరికి హిట్ల సంఖ్యను ప్రయత్నాల సంఖ్యతో భాగించడం స్థిరపడింది. 1876లో పుట్టిన నేషనల్ లీగ్ ఆ లెక్కనే పట్టుకుంది.

మరి వాక్ సంగతి? పిచర్ హద్దు బయట నాలుగు బంతులు వేస్తే, వాటికి బ్యాటర్ బ్యాట్ ఊపకపోతే, మొదటి బేస్ ఉచితంగా దక్కుతుంది. చాడ్విక్ దృష్టిలో అది పిచర్ తప్పే, బ్యాటర్ గొప్పతనమేమీ లేదు. మన క్రికెట్లో వైడ్ పరుగు ఎక్స్‌ట్రాల్లోకి పోతుంది తప్ప బ్యాటర్ ఖాతాలో పడదు కదా, అదే ధోరణి. సగటు లెక్కలో వాక్ హిట్ కాదు, ప్రయత్నమూ కాదు. అసలు జరగనట్టే. ఇక్కడే పెద్ద పొరపాటు జరిగిందని నా నమ్మకం. ఊరించే బంతిని వదిలేయడానికి చూపు కావాలి, నిగ్రహం కావాలి. ఏళ్ల తరబడి ఒకే ఆటగాళ్లు వాక్‌లు కూడబెడుతుంటే అది పిచర్ల పొరపాటు ఎలా అవుతుంది?

1887లో ఒక్క ఏడాది నిబంధన తిరగబడింది. వాక్‌నూ హిట్‌గా లెక్కించారు. సగటులు అమాంతం ఎగబాకాయి. సెయింట్ లూయిస్ ఆటగాడు టిప్ ఓనీల్ సగటు 0.492 అయింది. జనం ఒప్పుకోలేదు. మరుసటి ఏడాదే పాత పద్ధతి తిరిగొచ్చింది. 1968లో ఒక రికార్డుల కమిటీ 1887 వాక్‌లను సైతం తీసేయడంతో ఓనీల్ అంకె 0.435కు దిగింది.

సగటులోని రెండో లోపాన్ని సూటిగా ఎత్తిచూపింది ఎఫ్.సి. లేన్ అనే పత్రికా సంపాదకుడు. 1916లో ఆయన అడిగింది చిల్లర లెక్క. ఒకడి జేబులో ఎన్ని నాణేలున్నాయో చెప్పి, అవి ఏ నాణేలో చెప్పకపోతే వాడి దగ్గరున్న డబ్బెంతో తెలుస్తుందా? సింగిల్‌నూ (ఒక్క బేస్ తెచ్చే హిట్) హోమ్ రన్‌నూ (బేస్‌లన్నీ చుట్టి పరుగు తెచ్చే హిట్) సగటు ఒకే నాణెంగా ఎంచుతోందని ఆయన వాదన. ఒక్కో రకం హిట్ ఎంత పరుగు తెస్తుందో విలువలు కట్టి చూపాడు. 1923లో నేషనల్ లీగ్ స్లగ్గింగ్ శాతాన్ని, అంటే హిట్లతో వచ్చిన బేస్‌లను ప్రయత్నాలతో భాగించే లెక్కను, అధికారికం చేసింది. సింగిల్‌కు ఒకటి, హోమ్ రన్‌కు నాలుగు. మోటు లెక్కే, కానీ ముందడుగు. వాక్ మాత్రం అందులోనూ లేదు.

1941లో టెడ్ విలియమ్స్ 0.406 కొట్టాడు. ఆ అంకె అమెరికాలో పిల్లలకూ తెలుసు. అదే ఏడాది వాక్‌లు కూడా కలిపి అతను బేస్ చేరిన లెక్క, అంటే ఆన్‌బేస్ శాతం, 0.553. రెండుసార్లు దిగితే ఒకసారికి పైగా బేస్ మీద. అప్పటి రికార్డుల్లో అంతటి ఘనత మరొకటి లేదు, అయినా అధికారికంగా ఆ లెక్కే లేదు.

దాన్ని పద్ధతిగా కట్టినవాడు అలన్ రాత్, మాంట్రియల్‌లో పుట్టిన గణాంకవేత్త. 1947లో బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు అధిపతి బ్రాంచ్ రికీ అతన్ని తమలోకి తీసుకున్నాడు. 1954లో లైఫ్ పత్రికలో రికీ పేరుతో వచ్చిన వ్యాసం, సగటు కన్నా ఆన్‌బేస్ మేలని వాదించింది. దాని వెనకున్న లెక్కలు రాత్‌వి. చదివినవాళ్లు చదివారు, ఆట పెద్దలు కదల్లేదు. 1970ల చివర కాన్సాస్‌లో బీన్స్ డబ్బాల ఫ్యాక్టరీకి రాత్రి కాపలా కాస్తూ బిల్ జేమ్స్ సొంతంగా పుస్తకాలు అచ్చేయడం మొదలుపెట్టాడు. ఆయన సూత్రంలో హిట్లూ వాక్‌లూ పక్కపక్కనే కూర్చున్నాయి. ఆ మొత్తాన్ని హిట్లతో వచ్చిన బేస్‌ల సంఖ్యతో గుణించి, అవకాశాలతో భాగిస్తే జట్టు చేసే పరుగులు దాదాపుగా వచ్చేస్తాయని చూపాడు. అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్‌ను నడిపే మేజర్ లీగ్ ఆన్‌బేస్ శాతాన్ని అధికారికంగా గుర్తించింది 1984లో.

బేస్ చేరే నేర్పుకు గుర్తింపు వచ్చినా డబ్బు రాలేదు. 2002లో ఓక్లండ్ అథ్లెటిక్స్ జట్టు, న్యూయార్క్ యాంకీస్ జీతాల్లో దాదాపు మూడోవంతే ఖర్చు పెట్టి, బేస్ చేరగలిగినవాళ్లను చవకగా ఏరుకుని 103 మ్యాచ్‌లు గెలిచింది. ఆ తర్వాత రెండేళ్లలోనే ఆ నైపుణ్యానికి జీతాల మార్కెట్ ధర పెంచిందని ఇద్దరు ఆర్థికవేత్తలు 2006లో నిరూపించారు. 2015 నుంచి మైదానాల్లో కెమెరాలు (మొదట్లో రాడార్లు కూడా) బంతి బ్యాట్‌ను వదిలిన వేగాన్నీ కోణాన్నీ కొలుస్తున్నాయి.

2024 మే నెలలో మేజర్ లీగ్, నల్లజాతి ఆటగాళ్లను వెలివేసిన రోజుల్లో నడిచిన నీగ్రో లీగ్‌ల గణాంకాలను తన రికార్డుల్లో కలిపింది. ఆ లీగ్‌ల ఆటగాడు జోష్ గిబ్సన్ స్లగ్గింగ్‌లో 0.718తో అప్పటిదాకా మొదటి స్థానంలో ఉన్న బేబ్ రూత్‌ను దాటాడు. ఆన్‌బేస్, స్లగ్గింగ్ కలిపిన లెక్కలోనూ 1.177తో అతనే మొదటివాడు. మర్నాటి వార్తలు చాలావరకు ముందుగా చెప్పింది మాత్రం, సగటులో అప్పటిదాకా మొదటివాడైన టై కాబ్‌ను దాటిన అతని 0.372 సగటు గురించే.