రంజన్‌కూ చెమట పడుతుంది

మే నెలలో, మహారాష్ట్రలో తెలంగాణ సరిహద్దున ఉన్న మా సిరొంచలో మధ్యాహ్నం రెండింటికి నల్లా తిప్పితే వేడినీళ్లు వస్తాయి. గడప పక్కన ఇసుక మీద పెట్టిన రంజన్‌లో, అంటే మట్టికుండలో, నీళ్లు మాత్రం గొంతు జివ్వుమనేంత చల్లగా ఉంటాయి. రంజన్ అన్న మాట మాకు రెండు వైపులా ఉంది. మరాఠీ బడిలో రాంజణ్, ఇంటికొస్తే రంజన్. చెమటకేమో బడిలో ఘామ్, ఇంట్లో చెమట. రంజన్ చేసే పనీ చెమట చేసే పనీ ఒకటేనని నాకు చాలా ఏళ్లకు గానీ అర్థం కాలేదు.

కాల్చిన మట్టిలో కంటికి కనపడని సందులుంటాయి. నీరు వాటిలోంచి కొద్దికొద్దిగా పైకి ఊరుతుంది. ఆ తడి ఆరిపోతూ లోపలి నీళ్ల వేడిని లాక్కుపోతుంది. మన చర్మంలో 20 నుంచి 40 లక్షల స్వేదగ్రంథులు ఇదే పనిలో ఉంటాయి. ఎండలో గట్టిపని చేసే మనిషికి గంటకు లీటరు చెమట పట్టడం మామూలే. ఆ లీటరంతా ఒంటి మీదే ఆరితే దాదాపు 580 కిలోక్యాలరీల వేడి దాని వెంట పోతుంది. మంచులాంటి నీళ్లు ఐదున్నర లీటర్లకు పైగా పొయ్యి మీద పెట్టి, మరుగు పట్టేదాకా కాచడానికి ఎంత వేడి కావాలో అంత!

అయితే ఆరితేనే. గడ్డం మీంచి కారి నేల మీద పడ్డ చుక్క ఒంటిని చల్లబరచదు. దాంతో నీళ్లూ ఉప్పూ పోవడమే తప్ప లాభం లేదు. (పరీక్ష హాల్లో టెన్షన్‌తో అరచేతులకు పట్టే చెమట సంగతి వేరు. దానికి ఎండతో పని లేదు.)

ఈ ఆరడంలో ఎంత బలముందో చూపించిన ప్రయోగం ఒకటుంది, నాకు చాలా ఇష్టం. లండన్‌లో చార్లెస్ బ్లాగ్డెన్ అనే వైద్యుడు, ఆయన స్నేహితులు ఒక గదిని సుమారు 127 డిగ్రీల దాకా వేడెక్కించి లోపలికి వెళ్లారు. ఆ వివరాలు 1775లో అచ్చయ్యాయి. రేకు మీద పెట్టిన కోడిగుడ్లు ఇరవై నిమిషాల్లో గట్టిపడిపోయాయి. అదే గాలిలో కొన్ని నిమిషాలు నిలబడిన మనుషులు క్షేమంగా బయటికొచ్చారు. అదే గదిలో మట్టిపాత్రలో నీళ్లు కూడా పెట్టారు. ఎంతసేపున్నా అవి మరగలేదు. పైన కాస్త నూనె చుక్కలు వేశాకే మరిగాయి. నూనె పొర కప్పేయగానే ఆవిరి పోయే దారి మూసుకుపోయింది మరి. ఆ గదిలో గాలి పొడిగా ఉండబట్టే వాళ్లు బతికారు.

మా దగ్గర జూలైలో జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. వాన పడి వెలిసిన సాయంత్రం, ప్రాణహిత మీంచి గాలి కూడా రాని వేళ, కూలర్ వేసుకున్నా ఉక్కపోతే. రంజన్ నీళ్లు కూడా అంత చల్లగా ఉండవు. గాలి అప్పటికే తేమతో నిండి ఉంటే తడి ఎక్కడికని ఆరుతుంది? దీన్ని కొలవడానికి థర్మామీటర్ బల్బుకు తడిగుడ్డ చుట్టి గాలి తగలనిస్తారు. తడి ఎంత బాగా ఆరితే అది అంత తక్కువ చూపిస్తుంది. మేలో 45 డిగ్రీల ఎండలో, తేమ 15 శాతం ఉంటే, ఆ తడి థర్మామీటర్ దాదాపు 24 చూపిస్తుంది. జూలైలో 36 డిగ్రీలే ఉండి, తేమ 75 శాతం ఉంటే దాదాపు 32! అది 35కు చేరితే నీడలో కూర్చుని నీళ్లు తాగుతున్నా మనిషి కొన్ని గంటలకు మించి తట్టుకోలేడని లెక్క కట్టారు. ఆరోగ్యంగా ఉన్న యువతీయువకులను పరీక్షిస్తే 31 దగ్గరే ఒంటి వేడి అదుపు తప్పడం మొదలైంది. వార్తల్లో చంద్రపూర్ ఎన్ని డిగ్రీలో చెబుతారు, తేమ ఎంతో చెప్పరు. రెండూ చెప్పాలని నా గట్టి కోరిక.

ఒంటికి ఉన్న ఇంకో గొప్ప గుణం నేర్చుకోవడం. ఇది నేను తునికాకు కల్లం దగ్గర కళ్లారా చూశాను. ఆకు కోతకు తెల్లారకముందే అడవికి వెళ్లి, పొద్దెక్కాక మూటలతో తిరిగొస్తారు. మొదటి వారం మా పెద్దమ్మ జాకెట్ వీపు మీద చెమట ఆరిన చోట తెల్లటి ఉప్పు చారలు గీత గీతగా కనపడేవి. రెండు వారాలు గడిచాక చెమట ఇంకా ఎక్కువే పట్టేది, చారలు మాత్రం పలచబడ్డాయి. అడిగితే, "మొదాలు వారం దినాలే కష్టం బిడ్డా, తర్వాత ఒళ్లే ఎండను పట్టుకుంటది" అంది.

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. రోజూ ఎండలో పని చేస్తే పది, పద్నాలుగు రోజుల్లో ఒళ్లు మారుతుంది. చెమట త్వరగా మొదలవుతుంది, ఎక్కువ పడుతుంది, రక్తంలో నీటిపాలు పెరుగుతుంది. చెమట చర్మం పైకి వచ్చే సన్నటి గొట్టాల్లోనే ఉప్పును ఒళ్లు వెనక్కి లాక్కుంటుంది. ఈ అలవాటు నిలవ ఉండేది కాదు. కొన్ని వారాలు చల్లటి గదుల్లో గడిపితే పోతుంది. అందుకే హైదరాబాద్‌లో ఏసీలో ఉండి, మే నెల పెళ్లికి ఊరొచ్చి పందిరి పనిలో దిగే పిల్లల గురించే నాకు ఎక్కువ భయం. పని చోట ఎండకు చనిపోయేవాళ్లలో చాలామంది మొదటి కొద్ది రోజుల్లోనే పోతారు. కొత్తగా పనిలోకి వచ్చినవాళ్లకు మొదట కొద్ది పనే చెప్పి, రోజూ కొంచెం కొంచెం పెంచాలి.

పోయిన నీళ్లు, ఉప్పు తిరిగి ఎక్కాలంటే ఉప్పేసిన అంబలి మంచి తోడు. పేగు గోడలో ఉప్పు, గ్లూకోజ్ జంటగా లోపలికి వెళ్తాయి, వాటి వెంట నీరు వెళ్తుంది. ఓఆర్‌ఎస్ పొట్లం పనిచేసేదీ ఈ దారినే. అంబలిలోని పిండి కడుపులో గ్లూకోజే అవుతుంది.

ఒంట్లో వేడి 40 దాటి, మాట తడబడి, మనిషి తికమకగా మాట్లాడితే అది వడదెబ్బ. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అనుకోవద్దు. పనిలో ఉండగా తగిలిన వడదెబ్బలో చెమట కారుతూనే ఉండొచ్చు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరాలి. తెలివి లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా తడపడం, విసరడం ఆపకూడదు.