ఉప్పుపర్ర మొక్కలు: అపోహలు - వాస్తవాలు

నెల్లూరు, ప్రకాశం తీరంలో ఏరు సముద్రంలో కలిసేచోట్ల మొక్కల సర్వే చేయడం నా పని. పెన్నా, కండలేరు, గుండ్లకమ్మ పక్కన పర్రల మీద, అంటే పోటు నీళ్లు ఎక్కే ఉప్పు చిత్తడి నేలల మీద, పెరిగే కండగల ఆకుల చిన్న మొక్క ఇలకూర, ఆకుల్లేకుండా కణుపులు కణుపులుగా ఉండే సాలికోర్నియా గురించి తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: పర్ర అంటే బంజరు. ఏం కట్టుకున్నా నష్టం లేదు.

వాస్తవం: 2011, 2019 తీర నియంత్రణ నోటిఫికేషన్లు రెండూ ఈ ఉప్పు చిత్తడి నేలల్ని మడ అడవులతో సమానంగా సీఆర్‌జెడ్-1ఏలో, అంటే తీరంలో గట్టి రక్షణ ఉండే వర్గంలో పెట్టాయి. పీతలకూ రొయ్య పిల్లలకూ ఈ పొదలే చాటు.

అపోహ: ఏ జీవికి అంతరించే ముప్పు ఎంతో చెప్పే రెడ్ లిస్టులో ఈ మొక్కలకు ప్రమాదం అని లేదు కదా, టెన్షన్ ఎందుకు?

వాస్తవం: ఆ లిస్టు ప్రపంచం మొత్తాన్నీ కలిపి చూస్తుంది. అవిసెన్నియా మెరీనా అనే మడ చెట్టునే తీసుకోండి. తూర్పు ఆఫ్రికా నుంచి న్యూజిలాండ్ దాకా ఉంది కాబట్టి దానికి 'లీస్ట్ కన్సర్న్', అంటే పెద్దగా ముప్పు లేదు, అని రాశారు. కండలేరు క్రీక్‌లో అది మిగిలిందా పోయిందా అన్నది ఆ మాటను బట్టి తెలియదు. చిన్న మొక్కల పరిస్థితి ఇంకా కష్టం. చెట్టు నరికితే పదిమందీ అడుగుతారు, ఇలకూర మీద మట్టి పోస్తే అడిగేవాళ్లే లేరు. ఒక మొక్క లోకంలో క్షేమంగా ఉంటూనే మన జిల్లాలో లేకుండా పోవచ్చు.

అపోహ: ఉప్పులో పుట్టిన మొక్క, ఎంత ఉప్పునైనా తట్టుకుంటుంది.

వాస్తవం: నాకు అన్నిటికన్నా బాధ కలిగించే మాట ఇది. ఇలకూర తాను పీల్చిన ఉప్పును ఆకు కణాల్లో దాచుకుని, నీళ్లు నింపుకుని పలచన చేసుకుంటుంది. దాని ఆకు కండగా ఉండేది అందుకే. పెరిగిన మొక్కకే ఆ శక్తి. గింజ మొలవాలంటే నేలలో ఉప్పు తగ్గాలి. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య రుతుపవనాల వానలు ఆ ఉప్పును కడుగుతాయి. మిగతా కాలమంతా పోటు నీళ్లు వచ్చిపోతూ ఉప్పు మరీ పేరుకోకుండా చూస్తాయి.

గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో పోటుకూ పాటుకూ తేడా 10 మీటర్ల దాకా ఉంటుంది. మన దగ్గర పౌర్ణమి, అమావాస్య రోజుల్లో కూడా ఆ తేడా సుమారు మీటరే. కాబట్టి రొయ్యల గుంటకో బాటకో మోకాలెత్తు కట్ట వేసినా పర్రకు నీళ్లు ఆగిపోతాయి. లోపల నిలిచిన నీళ్లు ఎండకు ఆవిరై ఉప్పు పెచ్చుకడుతుంది. మొక్కను ఎవరూ పీకకపోయినా, రెండు మూడు వేసవులకు అక్కడ ఉత్త తెల్లనేల మిగులుతుంది.

అపోహ: ఎర్రబడితే తెగులు పట్టినట్టే.

వాస్తవం: కాదు. నేలలో ఉప్పు పెరిగినప్పుడూ, గింజ ముదిరేటప్పుడూ ఇలకూర, సాలికోర్నియా ఎర్రబడటం సహజం. మందులేవీ కొట్టొద్దు.

అపోహ: పోయినచోట మడ మొక్కలో సర్వి (సరుగుడు) మొక్కలో నాటితే సరి.

వాస్తవం: పర్ర సాధారణంగా మడ కన్నా మెరక మీద ఉంటుంది, రోజూ పోటు ఎక్కదు. అక్కడ నాటిన మడ చాలావరకు ఎండిపోతుంది. సర్వికి ఇసుక నేల కావాలి. పైగా గుంతలు తీసేటప్పుడు ఉన్న ఇలకూర కూడా పోతుంది. నాటడానికి పెట్టే డబ్బుతో బాటల కింద తూములు వేయించండి, వాడకం లేని కట్టలకు గండి కొట్టించండి. దగ్గర్లో మొక్కలు మిగిలి ఉంటే గింజలు పోటు నీళ్లతో వాటంతటవే వస్తాయి.