మాట్లాడే ఫోనుకు వైరస్ పట్టలేదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఫోన్లు బాగుచేసేవాళ్లెవరినైనా అడగండి, పాడైందని తెచ్చిన ఫోన్లలో అసలు పాడవ్వనివే బోలెడుంటాయని చెబుతారు. వాటిలో ఒక రకం నాకు భలే చిరాకు తెప్పిస్తుంది. తెచ్చినవాళ్ల మీద కాదు ఆ చిరాకు, వాళ్లను హడలగొట్టి పంపినవాళ్ల మీద. కాబట్టి ముందు దాని సంగతే.

అపోహ: ఫోను తనంతట తానే మాట్లాడుతోంది, ఏది నొక్కినా తెరుచుకోవట్లేదు. వైరస్ వచ్చింది, ఎవరో హ్యాక్ చేశారు, రీసెట్ కొట్టాల్సిందే (అంటే ఫోన్లో ఉన్నదంతా చెరిపేసి కొత్తదానిలా చేయాల్సిందే).

వాస్తవం: టాక్‌బ్యాక్ ఆన్ అయింది. అంతే.

చూపు లేనివాళ్లూ, చూపు మందగించినవాళ్లూ ఫోను వాడుకోవడానికి, స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపించే ఏర్పాటు అది. ఆండ్రాయిడ్‌లో 2009 నుంచీ ఉంది. ఐఫోన్‌లో దాని పేరు వాయిస్‌ఓవర్, అదీ ఆ ఏడాదే 3జీఎస్‌తో వచ్చింది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో వాల్యూమ్ బటన్లు రెండూ కలిపి మూడు సెకన్లు నొక్కిపడితే ఆన్ అవుతుంది. మొదటిసారి "ఆన్ చేయమంటారా" అని అడుగుతుంది. అడిగిందేమిటో చదవకుండా సరే కొట్టేస్తాం. ఆ తర్వాత అడగదు. ఇక జేబులో నొక్కుకుపోయినా చాలు, పిల్లలు పిసికినా చాలు.

ఆన్ అయ్యాక ఫోను తీరే మారిపోతుంది. ఒకసారి తాకితే పేరు చదువుతుందే తప్ప తెరవదు. తెరవాలంటే వెంటవెంటనే రెండుసార్లు తట్టాలి. ఒక వేలితో జరిపితే పేజీ కదలదు, రెండు వేళ్లతో జరపాలి. ఇది తెలియనివాళ్లకు ఫోను మొండికేసినట్టే ఉంటుంది. పైగా ముట్టుకున్నప్పుడల్లా ఓ గొంతు. భయపడరూ మరి?

ఒక పెద్దావిడ వచ్చారు. "బాబూ, రాత్రి నుంచీ ఇదే గొడవ. లోపలెవరో కూచుని నేను దేని మీద వేలేస్తే దాని పేరు చెబుతున్నారు" అన్నారు. అంతకుముందు చూపించిన చోట మొత్తం చెరిపేయాలన్నారట. ఆ ఫోన్లో వాళ్ల అన్నయ్యగారు పంపిన వాయిస్ మెసేజ్‌లున్నాయి, అవి పోతాయేమోనని ఆవిడ బెంగ. వాల్యూమ్ బటన్లు రెండూ నొక్కిపట్టాను, ఆగిపోయింది. సంతోషిస్తారనుకుంటే కోపమొచ్చింది ఆవిడకి. "ఇంతేనా? ఈ మాత్రం దానికి అంతా తుడిచేస్తానన్నాడేం ఆయన?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

రీసెట్ కొడితే టాక్‌బ్యాక్ పోయేమాట నిజమే. దాంతోపాటు బ్యాకప్ లేని ఫొటోలు, చాటింగులు అన్నీ పోతాయి. అక్కడితో అయిపోదు. 2015లో ఆండ్రాయిడ్ 5.1తో ఒక కాపలా వచ్చింది. ఫోను దొంగల చేతికి చిక్కి వాళ్లు రికవరీ మెనూలోంచి (లాక్ తీయకుండానే బటన్లతో తెరిచే మెనూ అది) రీసెట్ చేసినా పనికిరాకుండా, అందులో అంతకుముందున్న గూగుల్ ఖాతా వివరాలో పాత స్క్రీన్ లాకో అడుగుతుంది. మంచి ఏర్పాటే. కానీ ఆ ఖాతా ఎప్పుడో కొడుకో, ఫోను అమ్మినవాళ్లో తెరిచి ఇచ్చి ఉంటారు. పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు. రెండు బటన్లతో పోయేదానికి ఫోను మొత్తం తాళం పడి కూర్చుంటుంది.

ఆఫ్ చేసే దారులు ఇవీ. మొదట వాల్యూమ్ బటన్లు రెండూ నొక్కిపట్టండి. వినకపోతే నోటితో చెబితే పనిచేసే గూగుల్ అసిస్టెంట్‌ను పిలిచి "టర్న్ ఆఫ్ టాక్‌బ్యాక్" అనండి. అదీ కాకపోతే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి (ఇలాంటి సాయాలన్నీ ఉండే చోటు అది) వెళ్లి టాక్‌బ్యాక్ ఆఫ్ చేయండి, ఒకసారి తాకి, రెండుసార్లు తట్టి, రెండు వేళ్లతో జరుపుకుంటూ. తొందరపడితే రాదు. ఐఫోన్‌లో షార్ట్‌కట్ పెట్టి ఉంటే పక్క బటన్ (పాత మోడళ్లలో హోమ్ బటన్) టకటకా మూడుసార్లు నొక్కాలి. లేదంటే ఐఫోన్‌లో మాట వినే సహాయకి "సిరి"కి చెప్పినా చాలు.

అపోహ: మాట వస్తోంది, బొమ్మ రావట్లేదు. డిస్‌ప్లే పోయింది.

పోయి ఉండొచ్చు. కానీ వాయిస్‌ఓవర్‌లో మూడు వేళ్లతో మూడుసార్లు తడితే స్క్రీన్ కావాలనే నల్లబడుతుంది. దాన్ని స్క్రీన్ కర్టెన్ అంటారు. టాక్‌బ్యాక్‌లోనూ స్క్రీన్ దాచే వీలుంది. చూపులేని ఒక కుర్రాడు ఛార్జింగ్ పోర్టు చూపించడానికి వచ్చాడు. నేను ఫోను విప్పేలోపు ఏదో మెసేజ్ పెట్టుకుంటున్నాడు, స్క్రీన్ చూస్తే చీకటి. "నాకెందుకన్నా వెలుగు? పక్కవాళ్లు నా మెసేజ్‌లు చదవకుండా ఉంటే చాలు" అన్నాడు. గొంతు వేగం ఎంత పెంచుకున్నాడంటే నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, చెవి పక్కన తూనీగ తిరిగినట్టుంది. అతను మాత్రం నాకంటే వేగంగా పని కానిచ్చాడు. వాయిస్‌ఓవర్ వాడనివాళ్ల ఐఫోన్ మాట్లాడుతూ నల్లగా కనిపిస్తే, డిస్‌ప్లే మార్పించేముందు ఆ మూడు వేళ్లు ఒకసారి తట్టి చూడండి. జూమ్ (స్క్రీన్‌ను పెద్దది చేసి చూపే ఏర్పాటు) కూడా ఆన్‌లో ఉంటే నాలుగుసార్లు తట్టాలి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: వాయిస్ టైపింగ్ (మనం మాట్లాడితే ఫోనే రాసిపెట్టడం) తెలుగులో రాదు. గూగుల్ 2017 ఆగస్టులోనే తెలుగు చేర్చింది. రావట్లేదంటే కీబోర్డులో తెలుగు భాష ఎంచుకుని ఉండరు. ఇంగ్లీషు మైకు నొక్కి తెలుగు మాట్లాడితే, వినబడిన శబ్దానికి దగ్గరగా ఏదో ఇంగ్లీషు ముక్క రాసి పెడుతుంది పాపం.

అపోహ: గట్టిగా, ఒక్కో మాట విడగొట్టి చెప్పాలి. వద్దు. అది మామూలు మాట తీరుకే అలవాటు పడింది. విడగొడితే ఇంకా తడబడుతుంది. అరవడం మాని, చుట్టూ గోల తగ్గించండి.

అపోహ: మైకు పొద్దస్తమానం అంతా రికార్డు చేసి పంపిస్తుంది. "హే గూగుల్" లాంటి పిలుపు కోసం కాచుకోవడం ఫోన్లోనే జరుగుతుంది, ఆ మాట వినబడ్డాకే పైకి పంపే పని మొదలవుతుంది. అయితే పిలవకుండానే పిలిచారనుకుని లేవడం ఉంది. అలా రికార్డయిన ముక్కలు కొన్నింటిని కాంట్రాక్టు ఉద్యోగులు విన్నారని 2019లో బయటపడింది కూడా. కాబట్టి మీ అనుమానం మరీ గాలివాటం కాదు. ఆండ్రాయిడ్ 12 నుంచి పైన ఆకుపచ్చ చుక్క, ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచి నారింజ చుక్క కనిపిస్తే ఏదో యాప్ మైకు (ఆండ్రాయిడ్‌లోనైతే కెమెరా కూడా కావచ్చు) వాడుతోందన్నమాట. ఫలానా యాప్‌కు మైకుతో పనేమిటి అనిపిస్తే అనుమతి తీసేయండి.

అపోహ: యాక్సెసిబిలిటీలో ఉన్నవన్నీ ప్రమాదకరం. టాక్‌బ్యాక్ ప్రమాదం కాదు. కానీ ఎవరో ఫోన్ చేసి, లింకు పంపి, ఒక యాప్ దించుకోమని, యాక్సెసిబిలిటీలోకి వెళ్లి దాన్ని ఆన్ చేయమంటే, భయపడాల్సింది అప్పుడు. ఆ అనుమతి ఇస్తే అది మీ స్క్రీన్ చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. టాక్‌బ్యాక్ పనిచేసేది కూడా ఆ శక్తితోనే, దొంగ యాప్‌కూ అదే కావాలి. అందుకే ఆండ్రాయిడ్ 13 నుంచి, బయటి ఫైలుగా దించుకున్న యాప్‌లకు ఈ అనుమతి ఇవ్వబోతే ఫోను అడ్డుకుంటుంది. ఆ అడ్డు ఎలా తీయాలో కూడా వాళ్లే ఫోన్లో చెబుతారు, వినకండి. మాట్లాడే ఫోనును చూసి హడలిపోయినవాళ్లే ఇలాంటి యాప్‌కు నిశ్చింతగా సరే కొట్టి నా దగ్గరకు వచ్చారు.

టాక్‌బ్యాక్ మాటిమాటికీ ఆన్ అవుతుంటే యాక్సెసిబిలిటీలో టాక్‌బ్యాక్ షార్ట్‌కట్ తెరిచి, వాల్యూమ్ బటన్ల దగ్గర టిక్ తీసేయండి. ఇంట్లో చూపు తగ్గుతున్నవాళ్లుంటే, వాళ్ల ఫోన్లో మాత్రం తీయకండి.