డొంక దాటాక బాట ఎవరిది?

దోర్నాల, మార్కాపురం వైపు ఊరి డొంక (పొలాల మధ్య బండ్లబాట) అయిపోయి నల్లమల మొదలయ్యే చోట బాట ఆగదు. పశువుల గిట్టలు, చెంచుల కాళ్లు, శివరాత్రికి శ్రీశైలం నడిచే భక్తుల పాదాలు కలిసి వేసిన బాట అది. త్రిపురాంతకానికి శ్రీశైల తూర్పు ద్వారమన్న పేరు ఊరికే రాలేదు. ఇప్పుడు ట్రెక్కింగ్‌కు వచ్చేవాళ్లు పశువులు దారి చెడగొడుతున్నాయంటారు. జనం మందను బెదరగొడుతున్నారని కాపరుల గొడవ.

1882 మద్రాసు అటవీ చట్టం దారి హక్కును, మేత హక్కును విడివిడిగా పేర్కొంది. నేల మీద ఉన్నది మాత్రం ఒకటే బాట. అప్పట్లో మేతకు పుల్లరి అనే పన్ను కట్టాలి, లేదంటే పశువులు బందెలదొడ్డికి. పుల్లరి మీదే 1921లో పల్నాడు తిరగబడింది. మరుసటేడు దాని నాయకుడు కన్నెగంటి హనుమంతు కాల్పుల్లో చనిపోయాడు.

నల్లమలలో 1978లో అభయారణ్యం, 1983లో పులుల రిజర్వు వచ్చాయి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం పబ్లిక్ రోడ్డు మీద అభయారణ్యం దాటిపోయేవాడికి అనుమతి అక్కర్లేదు, కాలిబాట పట్టేవాడికి కావాలి. టీకా వేయని పశువును అందులో మేతకు తోలకూడదని 1991లో చేర్చారు. 2006 అటవీ హక్కుల చట్టం మేతను మళ్లీ హక్కుగా గుర్తించింది.

ఈ లెక్కలన్నిటి మధ్య బాట అరిగిపోతూనే ఉంది. గిట్ట తడి మట్టిని వదులు చేస్తుంది. బురద తప్పించుకోబోయి మనిషి పక్కన ఇంకో బాట వేస్తాడు. రెంటికన్నా ఎక్కువ తినేది వాన నీళ్లు: వాలుకు నిలువుగా దిగే అడ్డదారి రెండు వానలకే గండి పడుతుంది. అందుకు విరుగుడు బాటకు ఏటవాలుగా రాళ్ల అడ్డుకట్ట. రాయి మూడింట రెండొంతులు భూమిలో ఉండాలి, లేకపోతే గిట్ట తగిలి దొర్లుతుంది. నీరు పోయే నోరు పల్లం వైపు ఉండాలి. ఆ నోరు ఒండ్రుతో పూడితే కట్ట ఉండీ దండగ. నల్లమలలో జూన్‌కు ముందే పూడిక తీయాలి. నెల్లూరు వైపు పెంచలకోన కొండల్లో పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి కాబట్టి సెప్టెంబరు దాకా గడువుంటుంది. అడ్డదారి మూయడానికి అడ్డంగా ముళ్లకంప కొట్టడం చాలు, కానీ రెండు కొసల్లోనూ కొట్టాలి. పైన ఒక్కచోటే కొడితే కింది నుంచి ఎక్కేవాడు దాన్ని తొక్కుకుంటూ పోతాడు.

మంద ఎదురైతే నడిచేవాళ్లే ఆగాలి. పల్లం వైపు, కనబడేలా నిలబడి మాట్లాడుతూ ఉండాలి. చెట్టు చాటున నక్కితే పశువు మనిషిని అడవి మృగమనుకుంటుంది.